ఉప్పు మరకా, టవలు గీతా: నల్లకారు డైరీ

మే 4, ఆదివారం

నిన్న రాత్రి రేణిగుంట రోడ్డులో పెట్రోలు పోయించుకుంటుంటే బంకు పైకప్పు లైటు సరిగ్గా బానెట్ మీద పడింది. ఆ వెలుగు చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు. బండికి మూడు నెలలు. ఫిబ్రవరిలో అలిపిరి దగ్గర పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చుకున్నాం. నల్లరంగు వద్దని మా ఆవిడ అప్పుడే చెప్పింది. ఆ మాట మళ్లీ ఎత్తలేదు, అదొక్కటే నాకు చేసిన ఉపకారం.

పొద్దున ఎండలో మళ్లీ చూశాను. గీతలు గుండ్రంగా ఉన్నట్టు కనిపిస్తాయి గానీ నిజానికి అన్ని దిక్కులకూ ఉంటాయి. వెలుగుకు అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి కాబట్టి కంటికి చక్రంలా తోస్తుంది. నీడలో ఏమీ తెలియదు. మూడు నెలలు సంతోషంగా ఉన్నానంటే అందుకే.

రంగు మీద క్లియర్ కోట్ అని పారదర్శకమైన పొర ఒకటి ఉంటుంది. మామూలుగా 40, 50 మైక్రాన్లు. తలవెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. వెంట్రుక కంటే పలచటి పొరను నేను రోజూ పొద్దున ఆఫీసుకు పోయేముందు పొడి తుండుగుడ్డతో బరబరా తుడుస్తున్నాను. పైన దుమ్ము, కింద రంగు, మధ్యలో నా చెయ్యి. రెండో అనుమానం వాటర్ సర్వీసు మీద. అక్కడ పిల్లోడు ఒకే గుడ్డతో ముందు డోర్ల కింద, తర్వాత చక్రాలు, ఆ తర్వాత పైకప్పు తుడవడం నా కళ్లతోనే చూశాను, చూసి కూడా పది రూపాయలు టిప్పు ఇచ్చి వచ్చాను. మూడో అనుమానం చెప్పడానికి కొంచెం ధైర్యం కావాలి. ప్రతి శుక్రవారం అమ్మ బానెట్ మీద పెట్టే పసుపు కుంకుమ.

సరే, అసలు గుడ్డే తగలకుండా గాలికి ఆరనిస్తే పోదా అనిపించింది. ఇవాళ ఇంట్లోనే బోరు నీళ్లతో కడిగి అట్లే వదిలేశాను. అరగంటలో బండంతా తెల్లటి చుక్కలు, ఇడ్లీపిండి చిలకరించినట్టు. మా బైరాగిపట్టెడ బోరు నీళ్లతో బకెట్లకే తెల్లగా పొర కడుతుంది, కారును వదులుతుందా. టీడీఎస్ మీటరు పెట్టి చూస్తే 870. ఆ మీటరు నీటి కాఠిన్యం ఒక్కటే చూపదు, కరిగిన లవణాలన్నీ కలిపి చూపుతుంది. అయినా సంగతి అర్థమైంది. నీరు ఆవిరైపోతుంది, కాల్షియం, మెగ్నీషియం రంగు మీదే కూర్చుంటాయి. ఎండలో రేకు వేడెక్కితే ఆ చుక్కలు క్లియర్ కోట్‌ను తినేస్తాయి కూడా.

తుడిస్తే గీత, తుడవకపోతే మరక. ఈ రెండింటి మధ్యలో దారి వెతకడమే ఈ డైరీ పని.

మే 7, బుధవారం

టవళ్లు కూడబెట్టాను. లీలామహల్ సర్కిల్ దగ్గర సిగ్నల్లో అమ్మే పసుపురంగు గుడ్డలు, మూడింటి కట్ట. ఆన్‌లైన్‌లో తెప్పించిన బూడిదరంగు బొచ్చు టవలు, ‘1200 జీఎస్ఎం’ అని అంత పెద్ద అక్షరాలతో రాసింది. ఇంకొకటి నీలం, ట్విస్టెడ్ లూప్ రకం. దీని పోగులు తాడు పేనినట్టు మెలితిరిగి ఉచ్చుల్లా నిలబడి ఉంటాయి. నాలుగోది మా పాత తుండుగుడ్డ. నేరం చేసినవాణ్ని కూడా వరసలో నిలబెట్టాలి కదా.

షామీ కొనలేదు. స్పాంజి రేకులాగా ఉండే ఆ గుడ్డ నీళ్లు బాగానే పీలుస్తుంది, కానీ దానికి బొచ్చు లేదు. మిగిలిపోయిన ఇసుకరేణువు పోగుల్లోకి దూరే చోటు లేక గుడ్డకూ రంగుకూ మధ్య నలుగుతూ చివరిదాకా పోతుంది.

మే 10, శనివారం

మా ఆవిడ కేకులకు వాడే డిజిటల్ త్రాసు, దర్జీ టేపు తీసుకుని హాల్లో కూర్చున్నాను. అమ్మ వచ్చి చూసి, "ఏందిరా నాయనా, గుడ్డలు తూకానికి అమ్మేదానికి పోతాండావా?" అంది.

జీఎస్ఎం అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు అని. అంటే ఎవరి మాటా నమ్మక్కర్లేదు, ఇంట్లోనే లెక్క తేలుతుంది. బూడిదరంగు టవలు 40 సెంటీమీటర్లు, 60 సెంటీమీటర్లు. వైశాల్యం 0.24 చదరపు మీటరు. 1200 నిజమైతే 288 గ్రాములు తూగాలి. తూగింది 172. చుట్టూ కుట్టిన పట్టీ బరువు కూడా కలుపుకునే, 717. రెండు పొరలు కుట్టిన టవలుకు రెండు పొరలూ కలిపి లెక్క చెప్పడం మామూలే, నేను కూడా మొత్తం టవలునే తూచాను. అయినా సగం దాటి కొంచెమే వచ్చింది. బియ్యం బస్తా అయితే ఈపాటికి అంగడి ముందు గొడవ చేసుండేవాణ్ని.

నీలం టవలు 50, 80 సెంటీమీటర్లు. అంటే 0.40. పట్టీ మీద 600 అని ఉంది, 240 గ్రాములు రావాలి. 236 వచ్చింది. దీన్ని అమ్మినవాడికి నమస్కారం. సిగ్నల్ గుడ్డ నలభై నలభై సైజు, 38 గ్రాములు, 237 జీఎస్ఎం. దాని మీద ఏమీ రాయలేదు కాబట్టి అబద్ధమూ లేదు.

ఆ తర్వాత మూడింటినీ విడిగా ఒకసారి ఉతికాను. కొత్త టవలు మీద ఫ్యాక్టరీ పూత ఉంటే నీళ్లను నెట్టేస్తుంది తప్ప తాగదు. ఆరినాక బకెట్లో ముంచి, పిండకుండా, కారడం ఆగేదాకా దండెం మీద వేలాడదీసి మళ్లీ తూచాను. నీలం 236 నుంచి 1,240 గ్రాములకు పోయింది. అంటే లీటరు నీళ్లు మోసింది. బూడిదరంగు 760. సిగ్నల్ గుడ్డ 150. ఆ గుడ్డతో కారు మొత్తం ఆరబెట్టాలంటే ఎన్నిసార్లు పిండాలో, పిండిన ప్రతిసారీ మళ్లీ ఎంత రుద్దాలో ఊహించుకోవచ్చు. బరువు చూడటంలో అసలు కిటుకు ఇదే. మెత్తదనం కోసం కాదు, రంగును తక్కువసార్లు తాకడం కోసం.

మే 11, ఆదివారం

ఇవాళ ముట్టుకుని చూడటం, కాల్చి చూడటం, గీసి చూడటం.

తుండుగుడ్డ తప్ప మిగతా మూడూ మైక్రోఫైబర్ పేరుతో అమ్మేవే. మైక్రోఫైబర్ అంటే పాలిస్టర్, పాలిమైడ్ అనే రెండు ప్లాస్టిక్కుల కలయిక. పాలిమైడ్ అంటే నైలాను జాతి. 80/20 అని, 70/30 అని పట్టీల మీద రాసేది ఈ పాళ్లనే. ఒక్కో పోగును ఫ్యాక్టరీలో నారింజ తొనల్లాగా చీలుస్తారు. ఆ చీలికల సందుల్లోనే నీరూ దుమ్మూ ఇరుక్కునేది. పోగు చీలిందా లేదా అన్నది అరచేయి చెబుతుంది. పొడి చేతిమీద మెల్లగా జరిపితే నీలం టవలు చర్మపు గరుకుకు తగులుకుంటూ పోయింది, ఒళ్లు కొంచెం జలదరించింది కూడా. సిగ్నల్ గుడ్డ నునుపుగా జారిపోయింది. పేరుకే మైక్రోఫైబర్, మామూలు పాలిస్టర్ లాంటిదే.

ఒక్కో దాన్నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చాను. తుండుగుడ్డ నూలు కాగితంలా కాలి బూడిదైంది. మిగతా మూడూ కరిగి గట్టి పూసలయ్యాయి. దీంతో నూలు కలిసిందా లేదా అన్నంతవరకే తెలుస్తుంది. పాలిస్టరూ కరుగుతుంది, నైలానూ కరుగుతుంది కాబట్టి 80/20 నిజమా అబద్ధమా అన్నది అగ్గిపుల్ల చెప్పలేదు.

తర్వాత సీడీలు. అటక మీద పెళ్లి వీడియోల డబ్బా ఉంది. (మా పెళ్లివి కాదు. మా ఆవిడ ముందే లెక్కపెట్టుకుంది.) సీడీ మెరిసే వైపు పాలికార్బొనేట్, క్లియర్ కోట్ కంటే మెత్తన. అందుకే ఇది కఠినమైన పరీక్ష. సీడీ మీద గీత పడని గుడ్డ మీద ధైర్యం పెట్టుకోవచ్చు, గీత పడినంత మాత్రాన కారు మీద కూడా పడి తీరుతుందని కాదు. ఒక్కో టవలును నొక్కకుండా పదిసార్లు అటూ ఇటూ జరిపి, గదిలో లైటు ఆర్పి, ఫోను టార్చి వేసి చూశాను.

తుండుగుడ్డ గీసింది. సిగ్నల్ గుడ్డ మధ్యభాగం కొద్దిగా, అంచు బాగా గీసింది. అంచున ఓవర్‌లాక్ కుట్టు ఉంది, దాని నైలాను దారం వేలితో తడిమితేనే గరుకుగా తగులుతుంది. బూడిదరంగుది ఆశ్చర్యం. బొచ్చు ఒక్క గీత కూడా పెట్టలేదు, మూలన కుట్టిన కంపెనీ పట్టీ మాత్రం చాకులా గీసింది. ఆ పట్టీని కత్తిరించాను, కత్తిరించినా మొదలు దగ్గర ముళ్లలాగా దారాలు మిగిలాయి. నీలం టవలుకు కుట్టూ లేదు, పట్టీ కూడా లేదు. అంచును కోసి అట్లే వదిలినట్టుంది, మెత్తగా ఉంది. దాని సీడీ శుభ్రంగా ఉంది.

అంతటితో ఆపి ఉంటే నీలం టవలు గెలిచిందని రాసి పడుకునేవాణ్ని. చివర్లో ఒక ఆలోచన వచ్చింది. అదే నీలం టవలు మూలను వాకిట్లో నేలకు ఒకసారి ఆనించి, దులిపి, ఇంకో సీడీ మీద జరిపాను. టార్చి వేస్తే తుండుగుడ్డ పెట్టిన గీతలకంటే లోతైనవి. 236 గ్రాములు, ఉచ్చులు, కుట్టులేని అంచు, అన్నీ ఒక్క చిటికెడు మట్టి ముందు ఓడిపోయాయి.

ఆ మూలను వెంటనే ఉతికాను. వాటర్ సర్వీసు పిల్లోడి గుడ్డ గుర్తొచ్చింది. అది ఖరీదైన గుడ్డే అయినా ఇదే జరిగుండేది.

మే 18, ఆదివారం

మబ్బులోనే లేచాను. ఆరింటికి గోడ నీడ బండి మీద ఉంటుంది, ఏడున్నర దాటితే రేకు చెయ్యి పెట్టనివ్వదు, కడుగుతుండగానే నీళ్లు ఆరిపోతాయి.

షాంపూ వేసి కడగడం గురించి రాయను, అది వేరే డైరీ. కడిగాక పైపు మూతికి ఉన్న స్ప్రే తీసేసి, ఒత్తిడి లేకుండా పైకప్పు మీద నీళ్లు వదిలాను. చిలకరిస్తే వేల బొట్లు నిలుస్తాయి. ధారగా వదిలితే నీళ్లన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని దుప్పటి లాగినట్టు జారిపోతాయి. సగానికి పైగా పని గుడ్డ తగలకముందే అయిపోయింది. ఇన్నేళ్లూ పైపు మూతి వేలితో నొక్కి జివ్వున కొట్టడమే గొప్ప అనుకున్నాను.

తర్వాత నీలం టవలును కొంచెం తడిపి గట్టిగా పిండాను. ఎండిన టవలు మొదటి క్షణం నీళ్లు పీల్చడానికి తటపటాయిస్తుంది, చెమ్మ ఉన్నది వెంటనే లాగుతుంది. బానెట్ మీద టవలును పూర్తిగా పరిచి, రెండు మూలలూ పట్టుకుని నా వైపు మెల్లగా లాగాను. మీద చెయ్యి పెట్టలేదు, టవలు బరువే చాలు. ఒక్క లాగుడుకు వెనక పొడి దారి పడింది. పైకప్పు, అద్దాలు, బానెట్, డిక్కీ, డోర్ల పైభాగం. డోర్ల కిందిభాగం, బంపర్లు ఎంత కడిగినా మట్టి ఉండే చోట్లు, అక్కడికి నీలం టవలును పోనివ్వలేదు. పట్టీ కోసిన బూడిదరంగుది ఆ పనికి పెట్టాను, ఆ మూలను లోపలికి మడిచి అద్దినట్టు. చక్రాలకు సిగ్నల్ గుడ్డలు. ఎవరి కులవృత్తి వాళ్లకు ఇచ్చినట్టైంది.

ఎదురింటి మామ పళ్లు తోముకుంటూ గేటు దగ్గర నిలబడి చూస్తున్నాడు. "ఏమప్పా, కారుకు దుప్పటి కప్పి నిద్ర లేపతాండావా?"

"రుద్దితే గీతలు పడతాయి మామా, అందుకే లాగుతున్నా."

"మా కాలంలో ఎద్దుల్ని కూడా ఇంత గారంగా కడగలేదబ్బా" అని లోపలికి పోయాడు. పోయి తన స్కూటరు తుడిచేదానికి ఒక గుడ్డ అడిగి పంపాడు.

మే 23, శుక్రవారం

ఇవాళ ఆ మూడో అనుమానం తేల్చాల్సొచ్చింది. అమ్మ పసుపు కుంకుమ పళ్లెంతో బయటికొస్తే, "బానెట్ మీద వద్దమ్మా" అన్నాను. ఆమె ముఖం చూసి మాట మార్చాను. "పెట్టు, కానీ ఆరినాక పొడిగుడ్డతో నువ్వు తుడవద్దు, నేను నీళ్లు పోసి కడుగుతా." పసుపు పొడిలో, కుంకుమలో సన్నటి పలుకులుంటాయి. ఎండినదాన్ని పొడిగా తుడిస్తే ఉప్పుకాగితంతో రుద్దినట్టే. నానబెడితే నీళ్లతోనే పోతుంది.

అమ్మ కాసేపు ఆలోచించి ముందు అద్దం మీద, కింది మూలన పెట్టింది. "దేవునికి అద్దమైతే ఏమి, రేకైతే ఏమి" అంది. నేను మూడు రోజులుగా తయారు చేసుకున్న వాదనలన్నీ వృథా.

మే 25, ఆదివారం

ఘోరం. నేను ఆఫీసులో ఉన్న రోజు మా ఇంట్లో మిషన్ వేశారు. నీలం టవలు, అమ్మ నూలు చీరలు, నా లుంగీలు, ఇల్లు తుడిచే మాపు గుడ్డ, అన్నీ కలిపి. చివర్లో సువాసన కోసం ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ కూడా. టవలు గులాబీ వాసన వేస్తోంది, మెత్తగా ఉంది, దాని మీద నీళ్లు పోస్తే తామరాకు మీద బొట్లలా జారిపోతున్నాయి. ఉచ్చుల్లో నూలు పోగులు, వెంట్రుకలు.

తప్పు నాదే. ఎవరికీ చెప్పలేదు, విడిగా పెట్టలేదు. సాఫ్ట్‌నర్ పోగుల మీద జిడ్డులాంటి పూత వేస్తుంది, చీలికల సందులు మూసుకుపోతాయి. బ్లీచింగ్ పోగునే పాడుచేస్తుంది. వేడి ఎక్కువైతే కొసలు కరిగి గట్టిపడతాయి, తర్వాత ఆ కొసలే గీతలు పెడతాయి. ఇస్త్రీపెట్టె ఊసే వద్దు.

గోరువెచ్చని నీళ్లలో ద్రవ డిటర్జెంటు వేసి గంట నానబెట్టి, రెండుసార్లు ఉతికి, ఆఖరి నీళ్లలో అరగ్లాసు వెనిగర్ పోశాను. మూడోసారికి నీళ్లు తాగడం మొదలుపెట్టింది. మళ్లీ తూచాను, తడి బరువు 1,110. మునుపటి 1,240 రాలేదు. నూలు పోగులు ఏరేదానికి పాత టూత్‌బ్రష్, ఓపిక, ఒక క్రికెట్ మ్యాచ్ సరిపోయాయి.

ఆరబెట్టడం కూడా ఇంట్లోనే, ఫ్యాను కింద. మేడ మీద వేస్తే వడగాలికి వాకిట్లో దుమ్మంతా ఎక్కుతుంది. సీడీ మీద ఆ దుమ్ము ఏం చేసిందో చూశాను కదా.

జూన్ 1, ఆదివారం

టవలు సంగతి ఒక దారికొచ్చింది, నీళ్ల సంగతి మిగిలింది. ఎంత త్వరగా లాగినా అద్దాల అంచుల్లో, తలుపు పిడుల కింద చుక్కలు మిగులుతున్నాయి. వాటికోసం మళ్లీ మళ్లీ తుడవడం అంటే మొదటికొచ్చినట్టే.

ఎదురింటి మామ సలహా ఇచ్చాడు, ఆర్‌ఓ మిషన్ నుంచి బయటికి పోయే నీళ్లు వృథా కదా, వాటితో కడగమని. ఊళ్లో చాలామంది చేసే పనే. కానీ ఆ మిషన్ మంచి నీళ్లను ఇటు పంపి, లవణాలను అటు పంపుతుంది. మా ఇంట్లో అటు పోయే నీళ్లలో మీటరు పెడితే 1,300 చూపింది. మొదట బురద కొట్టేదానికి పనికొస్తాయి, చివరి నీళ్లుగా మాత్రం వద్దు.

కార్పొరేషన్ కుళాయి నీళ్లు, కల్యాణి డ్యామువైనా తెలుగుగంగవైనా, బోరుకంటే చాలా నయం. మా కుళాయిలో 210 చూపింది. అయినా తాగేనీళ్లు కారుకు పారబోయడం మనసొప్పలేదు. కాబట్టి ఐదు లీటర్లతో పని కానిచ్చే ఉపాయం వెతికాను. మొక్కలకు మందు కొట్టే చేతిపంపు, కొత్తది, ఐదు లీటర్లది కొన్నాను. కొత్తదే ఎందుకంటే, మందు వాడినదాన్ని రంగు మీద నమ్మలేం. అందులో ఆర్‌ఓ తాగునీళ్లు నింపాను, మీటరులో 45. మామూలుగా కడిగి, బోరు నీళ్లు దుప్పటిలా జారనిచ్చి, అవి ఆరేలోపు పైనుంచి ఈ నీళ్లు సన్నగా కొట్టాను. నాలుగు లీటర్లే పట్టింది.

అప్పుడు టవలు వేశాను. ఒక్కో భాగానికి ఒక్క లాగుడు. ఒదిలేసిన బొట్లు వాటంతట అవే ఆరాయి. ఎండలో వెతికాను, మరక దొరకలేదు. నెల రోజుల ఈ పనిలో నేను నిజంగా సంతోషపడింది ఇక్కడే.

పాత చుక్కలకు వెనిగరూ నీళ్లూ సమానంగా కలిపి, గుడ్డ తడిపి, చల్లటి రేకు మీద రెండు నిమిషాలు పరిచి, బాగా కడిగేశాను. చాలావరకు పోయాయి. డిక్కీ మీద రెండు మాత్రం రంగులోకి దిగిపోయాయి, అవి పాలిష్‌కే పోవాలి.

జూన్ 8, ఆదివారం

ఇంకో నీలం టవలు తెప్పించాను, అదే కొలత. వచ్చిన వెంటనే త్రాసు మీద పెట్టాను, 238. రెండూ మూత ఉన్న డబ్బాలో, అటక మీద కాదు, నా బీరువాలో. మూత మీద మా ఆవిడ మార్కరుతో ‘కారువి, ముట్టుకోవద్దు’ అని రాసింది. దాని కింద ఎవరో చిన్నగా ‘అల్లుడుగారి పట్టుపంచెలు’ అని చేర్చారు. మా బావమరిది చేతిరాతలా ఉంది.

రోజూ పొద్దున పొడి దుమ్ము దులపడం మానేశాను. దుమ్ముతోనే ఆఫీసుకు పోతున్నాను, పార్కింగులో వాచ్‌మన్ జాలిగా చూస్తున్నాడు. పాత సాలెగూడు అట్లే ఉంది. టవలు ఏదైనా పడిన గీతను చెరపదు, దానికి పాలిష్ చేయించి ఆ 40, 50 మైక్రాన్లలోంచే కొంత తీయాలి. దసరాకు ముందు ఒకసారి చూద్దాం. బంకు లైటు కింద బానెట్ ఫొటో తీసి పెట్టాను, కొత్తవి పడుతున్నాయో లేదో నెలనెలా పోల్చుకునేదానికి.

బూడిదరంగు టవలును అమ్మ అడిగి తీసుకుంది. స్టవ్ గట్టు తుడవడానికి ఇంత మంచి గుడ్డ ఎప్పుడూ చూడలేదంట. దాని తూకం 1200 కాదని నేను చెప్పలేదు.